ఎక్కడి నుంచి దూరం? మన్యం, ఏజెన్సీ, మారుమూల

'ఏజెన్సీ' అనే మాటకి మన దగ్గర ఓ వింత గుణం ఉంది. దగ్గరకి వెళ్ళేకొద్దీ అది ముందుకి జరిగిపోతుంది. హైదరాబాదులో ఉన్నవాళ్ళకి ఖమ్మం దాటితే చాలు, అంతా ఏజెన్సీయే. ఖమ్మంలో అడిగితే ఏన్కూరు అవతల నుంచి అంటారు. ఏన్కూరులో అడిగితే జూలూరుపాడు వైపు చెయ్యి చూపిస్తారు. జూలూరుపాడు వాళ్ళు కొత్తగూడెం దాటాక అంటారు, కొత్తగూడెం వాళ్ళు మణుగూరు అంటారు, భద్రాచలం వాళ్ళు చర్ల, వెంకటాపురం అంటారు. చర్లలో అడిగితే ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వైపు చూపించి 'ఆ లోపలంతా' అంటారు. తాము ఏజెన్సీలో ఉన్నామని ఎవరూ తమంతట తాము ఒప్పుకోరు. ఒప్పుకున్నారంటే ఏదో కాగితం పని పడిందని అర్థం.

నాది ఏన్కూరు. తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్ళే రోడ్డు మీద, పత్తి, మిరప చేలు తగ్గుతూ అడవి మొదలయ్యే చోట ఉంటుంది. ఇంజినీరింగ్ కాలేజీలో నన్ను అందరూ 'ఏజెన్సీ నుంచి వచ్చినవాడు' అనేవాళ్ళు. ఊరికి వెళ్తే, పక్క గూడేల నుంచి సంతకి వచ్చేవాళ్ళని మా ఇంట్లో అదే మాట అనేవాళ్ళు. ఒకే మాట నాకు రెండు వైపుల నుంచీ వినబడేది.

ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసు. ఒక ఫైలు ఎక్కడుందో చెప్పడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటి నుంచీ పూర్తి దారి చెప్పడం ఒకటి, 'ఇప్పుడు నేనున్న చోటు నుంచి ఇలా వెళ్ళు' అని చెప్పడం రెండోది. రెండో పద్ధతిలో చెప్పేవాడు ఎక్కడున్నాడో తెలియకపోతే చిరునామాకి అర్థమే లేదు. దూరప్రాంతాలకి తెలుగులో ఉన్న మాటలన్నీ ఈ రెండో రకానివే. మన్యం, ఏజెన్సీ, అడవి, జంగల్, గూడెం, తండా, మారుమూల. చూడ్డానికి ఒకే అర్థం ఇచ్చే మాటల్లా ఉంటాయి. కానీ ఒక్కోదాని వెనక ఎవరో ఒకరు నిలబడి దూరాన్ని కొలుస్తున్నారు. కొలిచినవాడు రాజా, కలెక్టరా, పన్ను వసూలుదారా, కవా అన్నదాన్ని బట్టి అవతల ఉన్న మనిషి భూమి, హక్కు, చివరికి పేరు కూడా మారిపోయాయి. ఈ వ్యాసం ఆ కొలతల గురించి.

*

ముందు మన్యం. పాత తెలుగులో 'మన్నె' అన్నా 'మన్నెము' అన్నా కొండసీమ. ఆ సీమని ఏలేవాడు మన్నీడు, మన్నెదొర. ఇప్పటి షెడ్యూల్డ్ తెగల జాబితాలో కూడా 'మన్నెదొర', 'కొండదొర' అనే పేర్లున్నాయి. మా వైపు కోయవాళ్ళని 'కోయదొర' అని పిలవడం ఇప్పటికీ ఉంది. ఇక్కడ ఆగి చూడాల్సిన మాట 'దొర'. తెలంగాణ మైదానంలో దొర అంటే గడీలో కూర్చుని వెట్టి చేయించుకున్నవాడు. అడవిలో దొర అంటే తన కొండకి తానే యజమాని. ఏన్కూరు లాంటి సరిహద్దు ఊళ్ళో ఈ రెండు అర్థాలూ ఒకే రోడ్డు మీద ఎదురుపడేవి. వేలెత్తి చూపించి 'దొర' అంటే భయం, చేతిలో విల్లు ఉన్నవాణ్ణి 'దొర' అంటే కాస్త వెటకారం. మాట ఒకటే, గౌరవమే చేతులు మారింది.

మైదానపు రాజులకి మన్యం ఎప్పుడూ పూర్తిగా చిక్కలేదు. చిక్కినట్టు చెప్పుకోవడం మాత్రం వాళ్ళకి గొప్ప. విజయనగరం పూసపాటి రాజుల బిరుదుల్లో 'మన్నె సుల్తాన్' ఒకటి. మన్యానికి సుల్తాను అని. నిజంగా కొండమీద చెల్లుబాటయ్యే అధికారం ఉన్నవాడికి ఆ బిరుదు అవసరం ఏముంటుంది?

ఇప్పుడు ఈ మాటకి ఒక దీర్ఘం పెట్టండి. మాన్యం. అర్థం తలకిందులవుతుంది. ఇది సంస్కృతం నుంచి వచ్చింది, 'మన్నించదగినది' అని. గుడికో, పండితుడికో, ఊరి ఉద్యోగికో పన్ను లేకుండా ఇచ్చిన భూమి మాన్యం. దేవుడి మాన్యం, సర్వమాన్యం అని శాసనాల్లో కనిపిస్తుంది. మాన్యంలో రాజ్యం పన్ను వసూలు చెయ్యగలదు, గౌరవం కొద్దీ చెయ్యదు. మన్యంలో చెయ్యాలని ఉంటుంది, చేతకాదు. రెండు చోట్లా పన్ను లేదు, కారణాలు మాత్రం పూర్తిగా వేరు. ఒకటి ఊరి నడిమధ్య, గుడి పక్కన ఉంటుంది. రెండోది ఊళ్ళు అయిపోయిన చోట ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే రెండింటికీ స్పెల్లింగు ఒకటే కాబట్టి, ఫోనుల్లో టైపు చేసే మన తరం ఆ దీర్ఘాన్ని మెల్లగా పోగొట్టుకుంటోంది.

విచిత్రం ఏంటంటే, ఈ రెండూ ఒకే చోట కలిసిన ఊరు కూడా ఉంది. భద్రాచలం రామాలయానికి పక్కనే పురుషోత్తపట్నంలో దేవుడి భూములున్నాయి. మన్యంలో మాన్యం అన్నమాట. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలని ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం పట్టణం, అందులోని గుడి తెలంగాణలో ఉండిపోయాయి. ఆ భూములు మాత్రం ఆంధ్రలోకి వెళ్ళాయి. దేవుడు ఒక రాష్ట్రంలో, ఆయన మాన్యం ఇంకో రాష్ట్రంలో.

*

ఏజెన్సీ సంగతికి వద్దాం. గ్యాస్ ఏజెన్సీ, ట్రావెల్ ఏజెన్సీ తెలిసిన ఇప్పటి పిల్లలకి, అడవిని ఏజెన్సీ అని ఎందుకంటారో తోచదు. నాకూ చాలాకాలం తోచలేదు.

1830లలో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండల్లో వరసగా తిరుగుబాట్లు వచ్చాయి. మైదానంలో నడిచే కోర్టులు, చట్టాలు అక్కడ నడవవని ఈస్టిండియా కంపెనీకి అర్థమైంది. 1839లో ఒక చట్టం చేశారు, ఆ ఏడాది 24వ చట్టం. దాని ప్రకారం ఆ రెండు జిల్లాల కొండప్రాంతాలని మామూలు చట్టాల నుంచి తప్పించి నేరుగా కలెక్టరు చేతికి ఇచ్చారు. కలెక్టరుగా కాదు, మద్రాసు గవర్నరుకి 'ఏజెంటు'గా. ఆ ఏజెంటు పాలించే చోటు ఏజెన్సీ. తర్వాత గోదావరి జిల్లా కొండప్రాంతాలకీ ఈ పద్ధతే వచ్చింది.

అంటే ఏజెన్సీ అనే మాట అడవిని చెప్పదు, కొండని చెప్పదు, అక్కడున్న మనుషులని అసలే చెప్పదు. అక్కడికి పంపించిన అధికారి హోదాని మాత్రమే చెబుతుంది. 'మన్యం'లో కనీసం కొండ ఉంది, మన్నెదొర ఉన్నాడు. 'ఏజెన్సీ'లో ఉన్నది గవర్నరు, ఆయన తరఫు మనిషి, అంతే. ఆ ఏజెంటు పోయి డెబ్బై ఏళ్ళు దాటింది. పేరు మాత్రం గట్టుమీద వదిలేసిన చెప్పుల్లా అక్కడే ఉండిపోయింది.

అధికారిక భాష మాత్రం ఎప్పటికప్పుడు పేరు మారుస్తూ వచ్చింది. 1874లో షెడ్యూల్డ్ జిల్లాలు అన్నారు. 1919 చట్టంలో 'వెనకబడిన ప్రాంతాలు'. 1935 చట్టంలో 'మినహాయించిన', 'పాక్షికంగా మినహాయించిన' ప్రాంతాలు. తూర్పు గోదావరి ఏజెన్సీ ఈ రెండో కోవలోకి వచ్చింది. 1950లో రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద 'షెడ్యూల్డ్ ప్రాంతాలు' అంది. వరసగా చదివితే ఒక కథ కనిపిస్తుంది. ఒకసారి పట్టికలో రాసుకున్నారు, ఒకసారి వెనకబడ్డారన్నారు, ఒకసారి లెక్కలోంచి తీసేశారు, మళ్ళీ పట్టికలోకి తెచ్చారు. జనం మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా ఏజెన్సీ అనే అన్నారు. ఏ పేరు పెట్టినా వచ్చేది ఆ ఆఫీసరే అని వాళ్ళకి తెలుసు.

*

పేరు మారితే ఏమవుతుందిలే అనుకునేవాళ్ళు రేకపల్లి కథ చదవాలి.

గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి, చర్ల, నూగూరు ప్రాంతాలు 1860 వరకూ నిజాం కింద ఉండేవి. ఆ ఏడాది ఒప్పందంతో ఇంగ్లిషువాళ్ళకి వెళ్ళాయి, వాళ్ళు వాటిని మధ్యపరగణాల్లో కలిపారు. 1874లో భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలోకి వచ్చాయి. పద్నాలుగేళ్ళలో మూడు ప్రభుత్వాలు. ఊళ్ళు కదల్లేదు, కొండలు కదల్లేదు. నాగపూరు నుంచి కొలిచిన దూరాన్ని మద్రాసు నుంచి కొలవడం మొదలైంది.

మధ్యపరగణాల కాలంలో రేకపల్లిలో పోడు వ్యవసాయానికి గొడ్డలి లెక్కన పన్ను ఉండేది. ఒక గొడ్డలికి నాలుగణాలు. ఆ గొడ్డలితో ఎంత కొట్టుకుని సాగు చేసుకున్నా అంతే. ఎంత చక్కని కొలతో చూడండి. భూమిని కాదు, మనిషి చేతి సత్తువని కొలిచారు. మద్రాసు ప్రభుత్వం వచ్చాక ఆ పన్ను దాదాపు మూడింతలైంది. కొన్నిచోట్ల పోడే చెయ్యకూడదన్నారు. 1879లో రంపలో కల్లు పన్ను మీదా, అక్కడి మన్సబ్‌దారు మీదా మొదలైన తిరుగుబాటు ఆ ఏడాది జూలైలో రేకపల్లికి పాకడానికి కారణం ఇదే. మనం రంప తిరుగుబాటు అనగానే 1922–24 నాటి అల్లూరి సీతారామరాజుని తలుచుకుంటాం. దానికి నలభై ఏళ్ళ ముందే, ఏ పుస్తకమూ చదవని రైతులు 'మా ఊరిని ఏ పటంలో పెట్టారు' అన్న ప్రశ్నకి గొడ్డళ్ళతో జవాబు చెప్పారు.

ఈ కథంతా ఎడమ ఒడ్డుది. కుడి ఒడ్డు, అంటే పాల్వంచ, బూర్గంపాడు, మా ఏన్కూరు వైపు, నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది. ఇక్కడ గవర్నరూ లేడు, ఆయన ఏజెంటూ లేడు. ఇక్కడి మాట 'జంగల్'. అడవి శాఖ 'జంగ్లాత్'. జంగ్లాత్ వాళ్ళు వచ్చారంటే గూడెంలో కోళ్ళు దాచుకునేవాళ్ళని మా తాత చెప్పేవాడు. నదికి అటు కోయలూ ఇటు కోయలూ ఒకే భాష మాట్లాడేవాళ్ళు, పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళు. అటువాళ్ళు ఏజెన్సీ మనుషులు, ఇటువాళ్ళు జంగల్ మనుషులు. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చాక రెండు ఒడ్లూ మళ్ళీ ఒక్కటయ్యాయి. 'ఏజెన్సీ' నది దాటి మా వైపు ఇంతగా స్థిరపడటంలో ఆ కలయికకి పెద్ద పాత్రే ఉందని నా అనుమానం. ఒక్కరోజు కూడా బ్రిటిష్ ఏజెంటు పాలించని నేలకి ఆయన పేరు అతుక్కుంది.

*

ఈ మాటలో నిజంగా పణంగా ఉన్నది భూమి.

1950లో రాష్ట్రపతి ఉత్తర్వులో హైదరాబాదు రాష్ట్రపు షెడ్యూల్డ్ ప్రాంతాల జాబితా ఉంది. అప్పటి వరంగల్ జిల్లాలోని ఇల్లందు తాలూకా అందులో ఉంది. అయితే ఇల్లందు, సింగరేణి ఊళ్ళనీ, కొత్తగూడెం పట్టణాన్నీ మినహాయించారు. పాల్వంచ తాలూకా ఉంది, కానీ పాల్వంచ, బూర్గంపాడు, అశ్వారావుపేట, దమ్మపేట లాంటి ఊళ్ళు మినహాయింపు. ఆ మినహాయింపులని ఒకసారి నిదానంగా చదవండి. బొగ్గు దొరికిన చోటు, కచేరీ ఉన్న చోటు, సంత జరిగే చోటు. తాలూకాకి పేరిచ్చిన ఊరే తాలూకాలోంచి బయటికి వచ్చేసింది. దూరం అంటే కిలోమీటర్లు కాదనడానికి ఇంతకంటే రుజువు నాకు దొరకలేదు. అడవి మధ్యలో ఉన్నా బొగ్గు ఉంటే అది దూరప్రాంతం కాదు. ఆ బొగ్గుకి రెండు మైళ్ళ అవతల ఉన్న గూడెం దూరప్రాంతమే.

ఆ గీతకి లోపల 1/70 చట్టం నడుస్తుంది. 1959లో ఆంధ్ర ఏజెన్సీకి చేసిన భూబదలాయింపు నిబంధనని 1963లో తెలంగాణకి తెచ్చారు, 1970లో గట్టిగా సవరించారు. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి బదిలీ కావడానికి వీల్లేదు, ఇద్దరు గిరిజనేతరుల మధ్య అమ్మకం కూడా చెల్లదు. గిరిజనేతరుడి దగ్గర భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఉన్నవాడే. ఇంకో తమాషా, ఈ చట్టంలో కూడా ఆ నేలని పిలిచిన పేరు 'ఏజెన్సీ ట్రాక్ట్స్'. రాజ్యాంగం మార్చిన మాటని చట్టం మళ్ళీ వెనక్కి తెచ్చుకుంది.

మా తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొనుక్కున్న రైతు. ఖమ్మం జిల్లాలో అలా వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మా పొలం గీతకి ఇవతల ఉంది, పట్టా ఉంది, బ్యాంకు అప్పిస్తుంది. గీత అవతల మా బంధువులకి ఉన్న చెలక సాదా బైనామా మీద ఉంది. తెల్లకాగితం, ఇద్దరు సాక్షులు, ఓ వేలిముద్ర. మా ఇళ్ళలో పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు 'పొలం ఎన్నెకరాలు' తర్వాతి ప్రశ్న 'ఏజెన్సీనా, నాన్ ఏజెన్సీనా'. నాన్ ఏజెన్సీ! ఉన్న మాటకి ముందు 'నాన్' తగిలించి మామూలు నేలకి కూడా ఏజెన్సీ నుంచే దూరం కొలవడం మా వైపు మాత్రమే చూశాను.

ఈ చట్టాన్ని మా ఇంట్లో ఎన్నిసార్లు తిట్టారో లెక్కలేదు. నాతో పదో తరగతి చదివిన కోయ మిత్రుడొకడు ఓసారి సంతలో టీ తాగుతూ అన్నాడు: "మీరేమో ఆ చట్టం వల్ల కొనలేకపోతున్నం అంటరు. అది లేకపోతే మాకు అమ్ముకోడానిక్కూడా ఏం మిగిలేది కాదురా." అతని మాటకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఒకడికి అడ్డుగోడగా కనిపించే మాట ఇంకొకడికి ఇంటిగోడ.

*

ఇంతవరకూ కచేరీ భాష. సాహిత్య భాష ఇంతకంటే మెరుగ్గా ఉందా?

వేదకాలపు సంస్కృతంలో 'అరణ' అంటే పరాయిది, దూరపుది. 'అరణ్యం' ఆ కుదురు నుంచే వచ్చిందంటారు. చెట్లతో దానికి నేరుగా సంబంధం లేదు, గ్రామం కానిది అరణ్యం. 'వనం' అలా కాదు, అది చెట్లని చెబుతుంది, కాస్త మనవైపు మనసున్న మాట. అందుకే వనభోజనాలు ఉంటాయి గానీ అరణ్యభోజనాలు ఉండవు. ఏడుపుకి మాత్రం అరణ్యరోదన. బిభూతిభూషణ్ 'ఆరణ్యక్'ని సూరంపూడి సీతారాం తెలుగు చేసినప్పుడు దాని పేరు 'వనవాసి' అయింది. బెంగాలీలో ఆ పేరు చోటుని చెబుతుంది, తెలుగులో మనిషిని చెబుతుంది. ఆ మార్పు నాకు నచ్చుతుంది. అయితే ఇవాళ 'వనవాసి', 'ఆదివాసి' అనే రెండు మాటల మధ్య రాజకీయంగా పెద్ద పేచీ ఉంది. మొదటిది అతను ఎక్కడుంటాడో చెబుతుంది, రెండోది ఎప్పట్నుంచి ఉన్నాడో చెబుతుంది. ఎప్పట్నుంచి అన్న ప్రశ్నలోనే భూమి హక్కు ఉంది కాబట్టి పేచీ రాక తప్పదు. ప్రభుత్వం వాడే 'గిరిజనుడు' ఇంకో తీరు. మా ఏన్కూరు పక్క చదును నేలలో మొక్కజొన్న వేసే కోయరైతు రోజూ ఎక్కే గిరి ఏదో నాకు తెలీదు.

'జంగల్' ప్రయాణం ఇంకా తమాషాగా ఉంటుంది. ఆయుర్వేద గ్రంథాల్లో 'జాంగల' దేశం అంటే నీళ్ళు తక్కువ, చెట్లు పలచన, గాలి ఎక్కువ ఉన్న పొడినేల. నీళ్ళు, బురద, దట్టమైన పచ్చదనం ఉన్నది 'ఆనూప' దేశం. ఆ జాంగలం జంగల్ అయ్యి అడవిగా మారింది, ఇంగ్లిష్‌లోకి వెళ్ళి జంగిల్ అయ్యి వెలుగు చొరబడని వానకారుగా తిరిగొచ్చింది. అర్థం పూర్తిగా తిరగబడింది. ఎవరూ సాగు చెయ్యని నేల అన్న ఒక్క అంశం మాత్రం మారలేదు. అంటే ఆ మాట మొదట్నుంచీ చెట్ల గురించి కాదు, నాగలి గురించి.

అటవి నుంచి ఆటవికుడు వచ్చాడు. కళింగ యుద్ధం తర్వాత పశ్చాత్తాపం చెప్పుకున్న అశోకుడి పదమూడో శాసనంలోనే అటవివాళ్ళకి ఒక హెచ్చరిక ఉంది, బాధపడుతున్నాడు కదా అని చక్రవర్తికి శక్తి లేదనుకోవద్దని. ఆ శాసనాల ప్రతి మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉంది. సముద్రగుప్తుడి అలహాబాదు ప్రశస్తిలో ఆటవిక రాజులందరినీ సేవకులుగా చేసుకున్నాడని ఉంటుంది. గమనించండి, అప్పటికి వాళ్ళు రాజులే. ఇవాళ 'ఆటవిక' అంటే చర్య పక్కన వాడే తిట్టు. ఇంగ్లిష్‌లో 'సావేజ్' కూడా లాటిన్‌లో అడవి అనే మాట నుంచే వచ్చింది. అమెరికన్లు 'బూండాక్స్' అంటే దిక్కులేని చోటు. అది ఫిలిప్పీన్స్‌లో యుద్ధానికి వెళ్ళిన వాళ్ళ సైనికులు తెచ్చుకున్న మాట. తగలోగ్ భాషలో 'బుందోక్' అంటే కొండ, అంతే. అక్కడివాళ్ళకి కొండ, వచ్చినవాళ్ళకి ఎక్కడా కాని చోటు.

మనకి నగరం నుంచి నాగరికుడు, గ్రామం నుంచి గ్రామ్యుడు, అటవి నుంచి ఆటవికుడు. నగరం నుంచి దూరం పెరిగేకొద్దీ మర్యాద తగ్గే మెట్లు ఇవి. తెలుగు సాహిత్యంలో వందేళ్ళ కింద పెద్ద గొడవ జరిగింది ఈ రెండో మెట్టు మీదే. మాట్లాడే భాషని 'గ్రామ్యం' అని పండితులు పక్కన పెడితే, గిడుగు రామమూర్తి అదే సరైన తెలుగని వాదించాడు. మనం ఆయన్ని వ్యావహారిక భాషకి పరిమితం చేసి గుర్తుంచుకుంటాం. కానీ పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించే ప్రయత్నం చేసింది, సవర భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారు చేసింది కూడా ఆయనే. గ్రామ్యం తిట్టు కాదని చెప్పగలిగిన మనిషి, ఆటవికం కూడా తిట్టు కాదని ముందే కొండెక్కి తెలుసుకున్నవాడు. రెండో మెట్టు మీద గెలిచిన ఆ వాదం మూడో మెట్టు దాకా వెళ్ళలేదు. సవర, కోయ, గోండి సాహిత్యం ఇప్పటికీ మన పత్రికల్లో 'ప్రత్యేక సంచిక'లోనే కనిపిస్తుంది.

*

అటువైపు నుంచి చూస్తే మాటలు ఎలా ఉంటాయి?

గోండి, కోయ భాషల్లో ఊరిని 'నార్' అంటారు. దంతెవాడ వైపు పాల్నార్, నకుల్నార్ లాంటి ఊరిపేర్లలో అదే ఉంది. భాషాశాస్త్రవేత్తలు దీన్ని మన 'నాడు' పక్కనే పెడతారు. పలనాడు, వెలనాడు, తమిళనాడు. ఒకే ద్రావిడ మాట మైదానంలో రాజ్యమంత పెరిగింది, అడవిలో ఓ పాతిక గడపల ఊరిగా ఉంది. ఇంకా తమాషా, ఆ నాడుకే సంబంధించిన 'నాటు' మనకి చులకన మాట అయింది. నాటుసారా, నాటువైద్యం. 2023లో ఆ మాటని పల్లవిగా చేసుకున్న సినిమాపాటకి ఆస్కార్ వచ్చినప్పుడు మనమంతా గంతులేశాం. ఆ సినిమాలోని ఇద్దరు నాయకుల పేర్లూ మన్యం నుంచి, జోడేఘాట్ అడవి నుంచి తెచ్చుకున్నవే.

'గూడెం' కూడా చెప్పేవాడిని బట్టి మారుతుంది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో గూడెం అంటే ఊరి బయట దళితుల వాడ. మా వైపు అదే కోయల ఊరు, దాని పక్కన వేరే 'ఊరు' ఉండదు. తాడేపల్లిగూడెం, కొత్తగూడెం అనేసరికి రైలు ఆగే పట్టణం. మా తాత వచ్చిన కొత్తలో గూడెం అన్న మాట విని, మరి అసలు ఊరు ఎక్కడుందని వెతికాడట. అదే ఊరని ఆయనకి తెలియడానికి కొంతకాలం పట్టింది.

లంబాడాల 'తండా' ఇంకో రకం. అది మొదట చోటు పేరే కాదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన బిడారు తండా. రైళ్ళు, రోడ్లు వచ్చి ఆ వ్యాపారం పోయాక బిడారు ఆగిన చోటే తండా అయింది. దేశాన్ని ఒక మూల నుంచి ఇంకో మూలకి కలిపినవాళ్ళు ఇవాళ 'మారుమూల తండా' అయ్యారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. అప్పటిదాకా అవి ఏదో ఊరికి శివారు. 'శివారు' అనే మాట కూడా చూడండి, సొంత ఊరు ఉండి కూడా ఇంకొకరి ఊరికి అంచు కావడం.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఒకదానికి 'పార్వతీపురం మన్యం' అని పేరు పెట్టారు. 1839 నుంచి ఏజెన్సీ, వెనకబడినది, మినహాయించినది, షెడ్యూల్డ్ అని తిరిగి తిరిగి, అధికారిక పటం మీదకి ఆ పాత మాట మళ్ళీ వచ్చింది. మంచిదే. కాకపోతే అది జిల్లా కేంద్రం పేరు వెనక తోకలా వచ్చింది. కలెక్టరాఫీసు ఉన్న మైదానపు పట్టణం ముందు, మన్యం తర్వాత.

ఇక మిగిలింది 'మారుమూల'. పత్రికలకీ కథకులకీ ఇది ఇష్టమైన మాట. పటం నలుచదరంగా ఉంటుందనీ, దానికి మూలలుంటాయనీ, మధ్యలో మనం ఉన్నామనీ ఆ మాట అనుకుంటుంది. కానీ ఏన్కూరు సంతకి వచ్చే మనుషులెవరూ 'మా మారుమూలకి పోతున్నాం' అనరు. వాళ్ళనే మాట 'లోపలికి'. "పొద్దుగూకకముందే లోపలికి పోవాలె." లోపల అంటే అంచు కాదు, నడిబొడ్డు. అదే ఊరిని మనం మూల అంటున్నాం, వాళ్ళు లోపల అంటున్నారు. మనం కూడా తెలియకుండానే అది ఒప్పుకుంటాం. ఆ ఊళ్ళ గురించి రాసేటప్పుడు 'బయటి ప్రపంచానికి దూరంగా' అని రాస్తాం కదా. బయట ఉన్నది ఎవరో ఆ వాక్యమే చెబుతోంది.